మూడ్ దొరవారికి నాలుగు ముక్కలు

దొరా, దండాలు.

నిన్న ఆదివారం నల్లగొండ కాడి పానగల్ల ఉదయసముద్రం చెరువు కట్ట మీద మధ్యాహ్నమంత మీకోసమే కూసున్న. చెరువు కాడ గాలి తలిగితె మీరు దిగొస్తరని ఎవరో జెప్పిండ్రు. గాలైతె వచ్చింది. రెండు బర్లు వచ్చినయి. ఒక జంట వచ్చి ఫోటో తియ్యన్నా అని ఫోన్ చేతుల వెట్టిండ్రు, తీసిచ్చిన, మొకాలు సరిగ్గ రాలేదని మళ్ల తీపిచ్చుకున్నరు. మీరు మాత్రం రాలే. కొత్త నోట్‌బుక్కుల శ్రీ రాసి, తారీఖు ఏసి, కింద ఒక గీత గొట్టిన, అంతే సంగతి. సంక్రాంతి సంచికకు కథ ఇస్త సార్ అని మాటిచ్చింది మీ భరోస మీదనే గదా.

ఆడికెల్లి ఛాయా సోమేశ్వరం గుడికి వోయిన. లింగం మీద స్తంభం నీడ పొద్దంత పడ్తనే ఉంటది, సూర్యుడు ఎటు తిరిగినా జరగదు. వందల ఏండ్ల సంది లీవు పెట్టలేదు (మబ్బు పట్టిన రోజు ముచ్చట పూజారిని అడగాలె). నీడకున్న బుద్ధి మీకు లేకపాయె.

సరే, రాకుంటె రాకపోయిండ్రు. మరి మొన్న వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌కు ఎందుకొచ్చినట్టు? మా నాయిన వడ్లు ఎండవోసి ఉన్నయి, తేమ 17 శాతం దాటితె కాంటా పెట్టరు, మబ్బేమో నల్లగ కమ్ముకొస్తున్నది, టార్పాలిన్ ఒక కొస నేను వట్టుకున్న, ఇంకో కొస నాయిన వట్టుకున్నడు, గాలికి అది పటపట కొట్టుకుంటున్నది, సరిగ్గ గప్పుడు దిగిండ్రు మీరు! ఉత్త చేతులతోని కూడ రాలే, కథ మొదటి వాక్యం, ఆఖరి వాక్యం, నడుమ ముసలామె పేరుతో సహా పట్టుకొచ్చిండ్రు. నా రెండు చేతులు టార్పాలిన్‌కే సరిపాయె, పెన్నేమో బండి కవర్ల ఉన్నది. నాయినా జర ఆగే అంటె, ఆగుడేందిరా వడ్లు తడుస్తున్నయి అన్నడు. కప్పి, అంచులకు రాళ్లు వెట్టి, టోకెన్ చీటి ఎనుక రాద్దామని చూస్తె వాక్యాలు లేవు, ముసలామె పేరు గూడ యాదికి లేదు. గది పని మీద వచ్చుడా, ఎక్కిరిచ్చుడా?

మీ చుట్టం ఇంకొకాయన, 21 రోజులు. ఏ పనైనా 21 రోజులు చేస్తె అలవాటైతదని వాట్సాప్‌ల గుడ్‌మార్నింగ్ పువ్వులతోని రోజూ దిగుతడు. గా లెక్క మొదలైంది మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ కాడ, ఆపరేషనైనోళ్లకు కొత్త మొకం అలవాటు గానీకి తక్కువల తక్కువ 21 రోజులు పడ్తదని 1960లో రాసిండాయన. ముక్కు వేరు, కథ వేరు. 2009లో లండన్ల పరిశోధన చేసినోళ్లకు సగటున 66 రోజులని తేలింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. 254 రోజులంటె రెండు వరి పంటలు చేతికొస్తయి దొరా. పొద్దుగాల ఐదింటి అలారం గురించి నేను మాట్లాడనే మాట్లాడ.

పక్కనున్న పాలమూరు సురవరం ప్రతాపరెడ్డి గారు వారానికి రెండుసార్లు గోలకొండ పత్రిక తీసిండు. తెలంగాణల కవులే లేరన్న మాటకు జవాబుగ 1934లో 354 మంది కవులను ఏరి సంచికే అచ్చేసిండు. ఆయన మీకోసం చెరువు కట్ట మీద ఎదురుచూసిండని నేనైతె యాడ వినలే.

ఇగ దొరా గిరా బంద్. ఇను నువ్వు. రేపటి సంది ఆరున్నరకు, పాలాయన వోయినంక, వంటింట్ల బల్ల కాడ అరగంట కూసుంట. వస్తె రా, లేకుంటె పో. చెత్త రాస్త, ముసలామెకు నోటికొచ్చిన పేరు పెడ్త, వాక్యం సగంల ఉండంగనే లేస్త, తెల్లారి ఆ సగం కాడికెల్లే అందుకుంట. చాయ ఒక్క కప్పే వోసుకుంట, నీకు లేదు. అయితె టార్పాలిన్ కాడ తెచ్చిన గా మొదటి వాక్యం మాత్రం మస్తుండె రా, ఇంక నీ దగ్గరుంటె పంపియ్యి.

ఇగో, ఎడిటర్ సారు ఫోన్ జేస్తుండు. నువ్వే ఎత్తు.