బాబెలు గోపురం పనికి ఆ రోజు ఎవరూ రాలేదట

ప్రపంచంలో ఏడు వేలకు పైగా భాషలు ఉండటానికి బాధ్యులెవరన్న విషయమై దర్యాప్తు సక్రమంగా జరగలేదని, సాక్షులను పిలవకుండానే తీర్పు వెలువడిందని ఈ వ్యాసకర్తకు చాలాకాలంగా అనుమానం. కేసుకు ఆధారం బైబిలులోని ఆదికాండము 11వ అధ్యాయంలోని మొదటి తొమ్మిది వచనాలు. ఒకే భాష మాట్లాడే జనం షీనారు మైదానంలో రాళ్లకు బదులు కాల్చిన ఇటుకలు, అడుసుకు బదులు మట్టికీలు (నేలలో దొరికే తారు) వాడి, ఆకాశాన్నంటే గోపురం కట్టి పేరు సంపాదించుకోవాలనుకున్నారు, దేవుడు దిగివచ్చి, ఒకరి మాట ఒకరికి తెలియకుండా వారి భాషను తారుమారు చేశాడు, పని ఆగిపోయింది. గోపురం కూలిపోయిందని ఈ వచనాల్లో ఎక్కడా లేదు. అంతకన్నా విచిత్రమేమిటంటే, నోవహు సంతతివారు తమ తమ భాషల ప్రకారం వేర్వేరు దేశాల్లో స్థిరపడ్డారని 10వ అధ్యాయమే ముందుగా చెప్పేసింది. తీర్పుకు ముందే శిక్ష అమలైన ఈ ఉదంతం, తీర్పు వచ్చిన ఇరవై ఏళ్లకైనా అమలు మొదలుకాని మన దేశవాసులకు అసూయ కలిగించక మానదు.

ఇక స్థల పరిశీలన. ఇరాక్‌లోని హిల్లా పట్టణం పక్కన ఉన్న బాబిలోనులో, మర్దూక్ దేవుడి కోసం కట్టిన ఎతెమెనంకి అనే జిగురాత్‌ను, అంటే మెట్లు మెట్లుగా లేచే గుడి గోపురాన్ని, దృష్టిలో పెట్టుకునే ఈ కథ పుట్టిందని చాలామంది పండితుల అభిప్రాయం. 1899లో తవ్వకాలు మొదలుపెట్టిన జర్మన్ పురావస్తువేత్త రాబర్ట్ కోల్డెవే బృందం అక్కడ పక్క ఒక్కింటికి దాదాపు 91 మీటర్ల చతురస్రపు పునాదిని గుర్తించింది. లోపల పచ్చి ఇటుక, బయట కాల్చిన ఇటుక, మధ్యలో మట్టికీలు. కాబట్టి ఆదికాండము సామగ్రి పట్టికలో పొల్లు పోలేదని ధ్రువీకరించవచ్చు. ఆ గోపురం పైన గుడిలో విగ్రహమేదీ లేదని, ఒక పెద్ద మంచం, బంగారు బల్ల మాత్రం ఉంటాయని, దేవుడే స్వయంగా అక్కడికి వస్తాడని పూజారులు చెబుతారని, తాను మాత్రం ఆ మాట నమ్మనని ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. అంటే దేవుడు కిందికి దిగిరావడానికే ఆ కట్టడం. ఆ లెక్కన గోపురం తన పని తాను చేసింది. దేవుడు దిగే వచ్చాడు, కాకపోతే వేరే దేవుడు.

నానా భాషలవాళ్లు కలిసి పని చేయలేరన్న ప్రధాన ఆరోపణ మాత్రం ఇక్కడ నిలవదు. ఈ గోపురాన్ని పూర్తి చేయించిన బాబిలోను రాజు నెబుకద్నెజరు తన శాసనాల్లో, ఎగువ సముద్రం నుంచి దిగువ సముద్రం దాకా ఉన్న దేశదేశాల జనాన్ని ఈ పనికి రప్పించానని గొప్పగా చెప్పుకున్నాడు. ఇటుక అందించమంటే ఎన్ని భాషల్లో అందించారో గాని, అందించారు. కట్టడాన్ని దెబ్బతీసినవి మరమ్మతులు లేకపోవడం, యుద్ధాలు, ఆపై జీర్ణోద్ధరణ. అలెగ్జాండరు పాత శిథిలాలు తొలగించి కొత్తగా కట్టాలనుకున్నాడు, ఆ మట్టి ఎత్తడానికే పదివేల మందికి రెండు నెలల పని అని గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో లెక్క, క్రీ.పూ. 323లో అలెగ్జాండరు కన్నుమూశాడు. తొలగింపు జరిగింది, నిర్మాణం జరగలేదు. మునిసిపాలిటీల పనితీరు తెలిసినవారికి ఇందులో దైవ ప్రమేయమేమీ కనిపించదు. మిగిలిన ఇటుకలను చుట్టుపక్కలవాళ్లు తమ ఇళ్లకు తరలించుకున్నారు.

పేరు సంపాదించుకోవాలన్న కోరిక మాత్రం చెక్కుచెదరలేదు. నెబుకద్నెజరు ఇటుకల మీద తన పేరు అచ్చు వేయించాడు. 1980లలో బాబిలోనును తిరిగి కట్టించిన సద్దాం హుస్సేన్ కూడా వేయించాడు. మన శిలాఫలకాలవారు గమనించాల్సిన విషయమేమిటంటే, ఆ ఇద్దరి ఇటుకల్లో ఎక్కువ కాలం మన్నినవి ఎవరివో చెప్పడానికి పురావస్తువేత్త అక్కర్లేదు.

ఇప్పుడు అసలు చిక్కు మస్టర్ రోల్ దగ్గర వస్తుంది. శిక్ష పనిలో ఉన్నవాళ్లకు పడింది కాబట్టి, ఆ రోజు పనికి రానివాడి భాష చెడిపోకుండా, ఏదేను తోటలో మాట్లాడినట్టే నిలిచి ఉండాలి. ఈ తర్కంలోని లాభాన్ని యూరపు పండితులు వెంటనే పసిగట్టారు. ఆంట్వెర్ప్ వైద్యుడు గొరోపియస్ బెకానస్, తన పూర్వికులు బాబెలులో లేరని, కాబట్టి ఆదాము మాట్లాడింది ఆంట్వెర్ప్ యాసేనని 1569లో తేల్చాడు. పొట్టి మాటలు పాత మాటలట, అవి తన ఊరి భాషలో ఎక్కువట. 1669లో జాన్ వెబ్ అనే ఇంగ్లీషు వాస్తుశిల్పి అదే గైర్హాజరు పత్రాన్ని చైనావాళ్ల పేరిట దాఖలు చేశాడు. ఆయన చైనా చూడలేదు, చైనావాళ్లు ఆయనను అడగలేదు. ఐర్లండువారి ఎత్తు ఇంకా పైది: గోపురం గొడవ సద్దుమణిగాక ఫేనియస్ అనే వారి పూర్వికుడు తాపీగా వెళ్లి, పుట్టిన భాషలన్నిటిలోనూ మేలైనవి ఏరి గేలిక్ తయారు చేయించాడని వారి పురాగాథ. ఈ రంగంలో నిజాయతీపరుడు ఈజిప్టు రాజు సామెటికస్ ఒక్కడే అనిపిస్తుంది. ఇద్దరు పసివాళ్లను మనుషుల మాట వినిపించకుండా గొర్రెలకాపరి దగ్గర పెంచితే, వాళ్లు మొదట పలికిన మాటకు ఇప్పటి టర్కీ ప్రాంతపు ప్రాచీన భాష ఫ్రిజియన్‌లో రొట్టె అని అర్థమని తేలిందట; రాజు తన భాష రెండోదేనని ఒప్పుకున్నాడు. పిల్లలు అనుకరించింది మేకల అరుపును కావచ్చని తర్వాతివాళ్లు సందేహించారు గాని, మేకల భాషే మొదటిదని ప్రకటించే ధైర్యం ఎవరికీ లేకపోయింది. చివరికి 1866లో ప్యారిస్ భాషాశాస్త్ర సంఘం, భాషల పుట్టుక గురించిన వ్యాసాలను అసలు స్వీకరించబోమని తన నిబంధనల్లోనే రాసుకుంది. అందరి పత్రాలూ అంగీకరిస్తే, ఇక ఆ గోపురానికి ఒక్క ఇటుకైనా మోసినవాడెవడో తేలదు.

మన సంప్రదాయంలో గోపురమూ లేదు, కూలీలూ లేరు. తాండవం ముగిశాక నటరాజు ఢమరుకాన్ని పద్నాలుగు మార్లు మోగించగా మాహేశ్వర సూత్రాలు పుట్టాయి, వాటి మీద పాణిని వ్యాకరణం నిలిచింది. ఇందులో శిక్ష లేదని మాత్రం అనలేం. వాటిని వల్లె వేసిన విద్యార్థులను విచారించాలి. తెలుగుకు సంస్కృత ప్రాకృతాలే ప్రకృతి అని, తెలుగు వాటి వికృతి అని నన్నయ పేరిట ఉన్న ఆంధ్రశబ్దచింతామణి చెప్పింది. కాదు, తెలుగు తమిళ కన్నడాల కుటుంబానికి చెందినదని 1816లో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ అధికారి ఎల్లిస్ నిరూపించాడు. ఈ రెంటినీ గౌరవిస్తూనే, తెలుగు సంస్కృతానికి కూతురని ఉదయమూ, సమస్త భాషలకూ తల్లి అని సాయంత్రమూ వాదించగల మేధావులు మనలో పెరిగిపోయారు. గైర్హాజరు దరఖాస్తు నింపడానికి అలాంటివారందరినీ ఒకచోట కూర్చోబెడితే, తల్లి పేరు అన్న గడి దగ్గర తెల్లవారుతుందని నా భయం. పనికి రాకపోవడానికి కారణం అన్న గడిని మాత్రం చర్చ లేకుండా, ఏకగ్రీవంగా నింపుతారు: ఆ రోజు ఊళ్లో శతావధానం.