సముద్రమేది సుభద్రా?

(టర్కీ పడమటి తీరం. అద్దె కారు. స్టీరింగ్ ఎడమవైపు, బండ్లు కుడివైపు. నడుపుతున్నది భాస్కరరావు, రిటైరైన బ్యాంకు మేనేజరు. పక్కన సుభద్ర, రిటైరైన సోషల్ టీచరు. ఎఫెసస్ అనే పాత గ్రీకు నగరం శిథిలాలు చూసి బయల్దేరారు.)

సుభద్ర: ఏమండీ, ఇంత ఎండలో ఆ వైపర్ ఎందుకు?

భాస్కరరావు: ఇండికేటర్ వేశాను.

సుభద్ర: అది వైపర్. ఇక్కడ ఇండికేటర్ ఎడమచేతి వైపని పొద్దుట్నించీ మొత్తుకుంటున్నాను.

భాస్కరరావు: ముందు నువ్వు సముద్రం చూపించు, అన్నీ సరిగ్గానే వేస్తాను.

సుభద్ర: చూపించాను కదా! ఎఫెసస్ ఎంత పెద్ద రేవు పట్నమనుకున్నారు?

భాస్కరరావు: రేవుంది, పట్నముంది, నీళ్ళేవి? హార్బర్ వీధి అంటే సంబరపడి అర కిలోమీటరు నడిచాను. చివర రెల్లు గడ్డి!

సుభద్ర: మెండెరెస్ నది ఒండ్రు తెచ్చి పూడ్చేసింది. సముద్రం ఐదారు కిలోమీటర్లు వెనక్కి పోయింది. నేనేం చెయ్యను?

భాస్కరరావు: అది పోయిన చోటికే మనమూ పోదామంటే వినవుగా.

సుభద్ర: 25,000 మంది పట్టే థియేటర్ చూశారు. సెల్సస్ గ్రంథాలయం చూశారు. ఒక్క ముక్కైనా మెచ్చుకున్నారా?

భాస్కరరావు: ఆ పాలరాతి మరుగుదొడ్లు మెచ్చుకున్నాను. అడ్డుగోడల్లేవు. వరసగా కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్ళట.

సుభద్ర: అక్కడ దిగిన ఫోటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. అన్నయ్యగారికి కడుపులో బాగాలేదా అని మా వదిన ఫోను.

(ప్రియెన్, మరో పాత గ్రీకు నగరం. కొండ మీద.)

సుభద్ర: ఎథీనా గుడి. అలెగ్జాండర్ డబ్బిచ్చాడు దీనికి. ఐదు స్తంభాలు నిలబెట్టారు, చూడండి. వీధులెంత తిన్నగా ఉన్నాయో!

భాస్కరరావు: వీధులు తిన్నగానే ఉన్నాయి, ఎక్కే దారే నిట్టనిలువుగా ఉంది. అదిగో, కింద తెల్లగా మెరుస్తోంది! సముద్రమేనా?

సుభద్ర: పత్తి చేను.

భాస్కరరావు: పత్తా!

సుభద్ర: ఒకప్పుడు సముద్రమేనండీ. మెండెరెస్ నది పూడ్చింది.

భాస్కరరావు: పొద్దున కూడా అదే పేరు చెప్పావు!

సుభద్ర: అది చిన్న మెండెరెస్. ఇది పెద్ద మెండెరెస్.

భాస్కరరావు: ఇద్దరూ కలిసి నా మీద పగబట్టారన్నమాట. పత్తి చూడ్డానికి వీసా ఎందుకు, మీ గుంటూరు పోతే సరిపోయేదిగా!

సుభద్ర: మా గుంటూరు ఊసెత్తకండి. అసలా నడకేమిటి, కాళ్ళు ఎడంగా వేస్తూ?

భాస్కరరావు: ప్యాంటు లోపల ఈత నిక్కరుంది.

సుభద్ర: ఎప్పట్నించీ?

భాస్కరరావు: హోటల్లో టిఫిన్ అప్పట్నించీ. నీళ్ళు కనబడగానే దూకుదామని. ఒరుసుకుపోతోంది.

(మిలేటస్, ఇంకో పాత నగరం.)

సుభద్ర: ఆ గుట్ట చూడండి. లాదె దీవి.

భాస్కరరావు: చుట్టూ చేలుంటే దీవేమిటి?

సుభద్ర: క్రీ.పూ. 494లో దాని దగ్గరే పెద్ద నౌకాయుద్ధం జరిగింది. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ లెక్క ప్రకారం గ్రీకులవి 353 ఓడలు, పర్షియన్లవి 600.

భాస్కరరావు: దాదాపు వెయ్యి ఓడలు తేలేంత నీళ్ళుండేవి. నాకు మునగడానికి చెంబెడు మిగల్చలేదు.

సుభద్ర: తత్త్వవేత్త థేలీజ్ పుట్టిన ఊరండీ ఇది! నక్షత్రాలు చూస్తూ నడిచి నూతిలో పడ్డాడని ప్లేటో రాశాడు.

భాస్కరరావు: పోనీ ఆ నుయ్యైనా చూపించు. అందులో నీళ్ళుంటాయేమో.

సుభద్ర: ఇక్కడి మార్కెట్ ద్వారం ఎంత గొప్పదో తెలుసా? ఇప్పుడు బెర్లిన్ మ్యూజియంలో ఉంది.

భాస్కరరావు: సముద్రాన్నీ అక్కడికే పట్టుకెళ్ళుంటారు. కనుక్కో.

(డిడిమా.)

సుభద్ర: అపోలో గుడి. 120కి పైగా స్తంభాలతో తలపెట్టారు. కొన్ని వందల ఏళ్ళు కట్టినా పూర్తి కాలేదు. పూర్తి ఎత్తున నిలిచినవి మూడే.

భాస్కరరావు: కాంట్రాక్టరు మనవాడేనా?

సుభద్ర: ఛ! ఇక్కడ పూజారిణి సోదె చెప్పేది. రాజులు కబురంపి అడిగించుకునేవాళ్ళు.

భాస్కరరావు: అయితే నేనూ అడుగుతాను. అమ్మా, ఈ దేశంలో సముద్రముందా?

సుభద్ర: దానికి అపోలో దాకా ఎందుకు? ఆల్టిన్‌కుమ్ బీచి నాలుగైదు కిలోమీటర్లు. కారు తియ్యండి. కుడికి తిరగాలి. అయ్యో, మళ్ళీ వైపరే!

(ఆల్టిన్‌కుమ్. సాయంత్రం. భాస్కరరావు ప్యాంటు ఒడ్డున, భాస్కరరావు నీళ్ళలో.)

సుభద్ర: (ఒడ్డు నుంచి) మునిగారా?

భాస్కరరావు: మోకాళ్ళ లోతే ఉంది!

సుభద్ర: ఇంకాస్త ముందుకెళ్ళండి!

భాస్కరరావు: వెళ్ళాను! ఇంకా మోకాళ్ళే! చంటిపిల్లలు నా పక్కన బంతాట ఆడుతున్నారే!

సుభద్ర: సరే, ఇక ఆగండి! అటు గ్రీసు దీవులున్నాయి. మీ పాస్‌పోర్టు నా హ్యాండ్‌బ్యాగులో ఉంది!