బాపు చెవులకు బేరా టెస్ట్

మా అవ్వ బాత్రూంలకెళ్లి "సబ్బు ఒడిసింది, జర అందియ్యి" అని ఒర్రుతే బాపు వరండాలకెళ్లి "డబ్బులా, మొన్ననే ఇస్తి గదనే" అన్నడు. ఇదొక్కటే అయితే నవ్వి ఊకుందుము, కుక్కర్ ఏడు కూతలేసినా ఇనవడదు, పప్పు మాడిన సంగతి పక్కింటోల్లు వాసనవట్టి వచ్చి చెప్పాలె. కానీ గేటు బయట నా బండి గుడగుడ మాత్రం టంచనుగ ఇనవడ్తది, అందుకని "నా చెవులకేమైందిరా" అని ఆయన వాదన.

హన్మకొండల చెవుల డాక్టర్ దగ్గరికి తోల్కపోయిన. మొదాలు చిన్న గదిల కూసోబెట్టి హెడ్‌ఫోన్ పెట్టి, సౌండ్ ఇనవడంగనే ఒత్తమని బటన్ చేతికిచ్చిన్రు. బాపు ఖాజీపేటల గూడ్స్ బండ్లు నడిపి రిటైరైన మనిషి, పరీక్ష అంటే పాస్ గావాలె అంతే, సౌండ్ వచ్చినా రాకున్నా ఒత్తుడే ఒత్తుడు. ఆడియాలజిస్ట్ పిల్ల నన్ను పక్కకు పిలిచి "అన్నా, నేను మిషన్ ఆపేసినంక గూడ అంకుల్ ఒత్తుతనే ఉన్నడు" అన్నది.

అట్ల బేరా టెస్ట్ దాక వచ్చింది కథ. ఈ టెస్ట్‌ల మనిషి జవాబు చెప్పేదేం లేదు, నుదుటి మీద, చెవుల ఎనుక వైర్లు అతికించి చెవుల టిక్కుటిక్కుమని కొడ్తరు, ఆ సౌండ్‌కు 10 మిల్లీసెకన్ల లోపల చెవి నరం నుంచి మెదడు కింది భాగం దాక లేసే కరెంటును మిషన్ పట్టుకుంటది. స్క్రీన్ మీద 5 గుట్టలు రావాలె, సౌండ్ తగ్గించుకుంట పోతే 5వ గుట్ట ఎందాక నిలవడ్తదో అదే ఇనికిడి లెక్క. పసిపిల్లలకు గూడ నిద్రలో ఇదే చేస్తరట. తిప్పలేందంటే ఆ కరెంటు వోల్టుల పది లక్షల వంతు గూడ ఉండదు, అందుకే రెండువేల సార్లు కొట్టి సగటు తీస్తరు, దవడ కదిలినా మెడ బిగిసినా ఆ కండరాల కరెంటు దీన్ని మింగేస్తది. కాబట్టి నూనె పెట్టకుండ తలస్నానం చేసి రావాలె, వచ్చి పండుకోవాలె. రెండే రెండు పనులు.

తలస్నానమైతే చేసిండు. చేసినంక మా అవ్వ "దవాఖానకు గట్ల ఎండు తలతోని పోతవా" అని కొబ్బరినూనె చెంపల మీదికి కారంగ రాసి పంపింది. పాపం ఆ పిల్ల గరుకు జెల్లు పెట్టి రుద్దుడు, స్టిక్కర్ అతికిచ్చుడు, అది జారుడు, మళ్ల రుద్దుడు. పిండి వంటలకు రోలు కడిగినట్టు కడిగింది.

ఎట్లనో అతికినయి. లైట్ బంజేసిన్రు. ఇంట్ల టీవీ వార్తల నడుమ గురకపెట్టే మనిషి ఇక్కడ పైకప్పు దిక్కు కండ్లు మిటకరిస్తున్నడు. స్క్రీన్ నిండ గడ్డిపోచల లెక్క గీతలు.

"అంకుల్, నోట్లేమన్న ఉన్నదా?"

ఉన్నది. వక్క. పొద్దటి సంది చెంపల దాసి మెల్లగ నములుతున్నడు. నేనే దోసిలి పట్టిన.

వక్క పోయినా గీతలు పోలే.

"బిడ్డా, ఇది సెకనుకు ఎన్ని కొడ్తది?"

"20 దాక అంకుల్, మాట్లాడొద్దు."

రెండు నిమిషాలు సప్పుడు లేదు, హమ్మయ్య పండుకున్నడనుకున్న. "పాత పట్టాలకు 13 మీటర్లకో జాయింటు. సెకనుకు 20 జాయింట్లంటే 260 మీటర్లు, గంటకు 936 కిలోమీటర్లు. గింత స్పీడ్ల ఏ బండి పోతదిరా, సిగ్నల్ ఎట్ల చూస్తరు?"

"నీకెందుకు బాపూ, పండుకో."

"టకటక ఇనవడ్తుంటే డ్రైవర్ పండుకుంటడారా?"

దీనికి నా దగ్గర జవాబు లేకపాయె. కుర్చీల ఒరిగి నేనే నిద్రపోయిన. లేసి చూస్తే టెస్ట్ అయిపోయింది, బాపు గురక పెడ్తున్నడు. ఎట్ల చేసినవమ్మా అంటే "వేరే డ్రైవర్ ఎక్కిండు అంకుల్, మీరు డ్యూటీ దిగున్రి అన్న" అన్నది.

4000 హెర్ట్జ్ అనే సన్న సౌండ్‌కు గుట్ట చానా ఎక్కువ వాల్యూం పెడితే గాని రాలేదట. మనుషులకు వయసుతోని, మోతతోని ముందు పోయేది ఈ సన్న సౌండ్లే, మాటల్ల అచ్చులు మిగుల్తయి, స, చ అసోంటియి జారిపోతయి. సబ్బుల "బ్బు" ఇనవడ్తది, "స" పోతది, మిగిలింది ఆయనే జోడించుకుంటడు.

ఇంటికొచ్చేసరికి నుదుటి మీద తెల్ల పేస్టు అట్లనే ఉన్నది. అవ్వ గడపల నిలవడి "నన్నిడిసిపెట్టి వెయ్యి స్తంభాల గుడికి పోయొచ్చిన్రా?" అన్నది.

"ఆఁ, బుధవారం రమ్మన్నరు" అన్నడు బాపు.

"శివుని కాడికి బుధవారమెందుకు, సోమవారం పోదాం" అన్నది అవ్వ.