తుడిచినా పోని తెల్లమచ్చ సంగతి

నోట్లో ఫంగస్ వల్ల తెల్లమచ్చ ఉంటే క్యాన్సర్ వచ్చేస్తుందని కొందరు రాస్తుంటారు. అంత సూటి సంబంధం రుజువు కాలేదు. క్యాండిడా అనే ఈ ఫంగస్ ఆరోగ్యంగా ఉన్న చాలామంది నోళ్లలోనూ ఉంటుంది. గాజుగుడ్డతో తుడిస్తే ఊడివచ్చే తెల్లపూత మందులకు తగ్గిపోతుంది. భయపడాల్సింది తుడిచినా పోని మచ్చకి, అందులోనూ పెదవుల మూలల లోపలివైపు ఎరుపూ తెలుపూ కలిసి గరుకుగా ఉండేదానికి. ఫంగస్ వల్ల కణాలు మారాయా, మారిన కణాల మీద ఫంగస్ చేరిందా అన్నది ఇంకా తేలలేదు. అనుమానానికి ఆధారం మాత్రం ఉంది: క్యాండిడా ఆల్కహాల్‌ని అసిటాల్డిహైడ్ అనే రసాయనంగా మారుస్తుంది, అది డీఎన్ఏని దెబ్బతీస్తుంది.

అసలు తప్పు జరిగేది ఫంగస్ మందు జెల్ రాస్తూ నెలలు గడిపేయడంలో. ఫంగస్‌ని తగ్గించే క్లోట్రిమజోల్ 10 మి.గ్రా. చప్పరించే బిళ్లలు రోజుకు 5 చొప్పున 14 రోజులు వాడినా మచ్చ అలాగే ఉంటే బయాప్సీ (మచ్చలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేయించాల్సిందే. ముందు మందు ఎందుకంటే, ఫంగస్ తెచ్చే వాపు వల్ల మామూలు కణాలు కూడా డిస్‌ప్లేసియాలా (క్యాన్సర్‌కి ముందు కణాల్లో వచ్చే మార్పులా) కనబడి రిపోర్టు తికమకవుతుంది. పుండు పడినా, చేతికి గట్టిగా తగిలినా ఆ రెండు వారాలూ ఆగొద్దు. ముక్కని పీఏఎస్ స్టెయిన్‌తో (ఫంగస్‌ని స్పష్టంగా చూపించే రంగుతో) కూడా చూడమని అడగండి; మామూలు స్టెయిన్‌లో ఫంగస్ పోగులు తేలిగ్గా దొరకవు. అన్నట్టు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్లు ఫంగస్ మందైన మైకొనజోల్ జెల్ సొంతంగా రాసుకోకూడదు, రక్తస్రావం ప్రమాదం ఉంది.