సవరణ: నాలుగంతలు కాదు, ఐదో వంతు

తిరుపతి, చిత్తూరు ప్రార్థన గుంపుల కోసం పోయిన వారం క్షమాపణ గురించి రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. మన్నించండి.

మొదటిది లెక్క. మోసంతో తీసుకున్నదానికి బైబిల్లోని లేవీయకాండము 6:5 నాలుగంతలు కట్టమంటుందని రాశాం. కాదు, అసలుకు ఐదో వంతు కలిపి ఇవ్వమంటుంది. మామిడి మండీలో తూకం తగ్గించి రైతు సొమ్ము 5,000 రూపాయలు మిగుల్చుకుంటే, తిరిగి ఇవ్వాల్సింది 6,000. నాలుగంతలు ఇస్తానన్నది పన్నులు వసూలు చేసే జక్కయ్య తనంతట తాను అన్న మాట (లూకా 19:8). అదీ యేసు అతని ఇంటికి వస్తానన్నాకే.

రెండోది ఇంకా పెద్దది. "ఒప్పుకున్నా మనసు కుదుటపడలేదంటే క్షమాపణ దొరకనట్టే" అన్నాం. ఆ మాట ఎంతమందికి నిద్ర లేకుండా చేసిందో! 1 యోహాను 1:9లో క్షమాపణకు ఆధారం దేవుని నమ్మకత్వం, మన మనసు తేలికపడటం కాదు. అదే పాపాన్ని రోజూ మళ్లీ మళ్లీ ఒప్పుకుంటూ ఉంటే పుండు రేగుతుందే గానీ మానదు. ఒక్కసారి ఒప్పుకోండి, కానీ విడమరిచి: "ఏమైనా తప్పు చేసుంటే" అని కాదు, "ఫలానా రోజు తూకంలో మోసం చేశాను" అని. మళ్లీ గుర్తొస్తే కృతజ్ఞత చెప్పండి, చాలు.

అప్పుడు రాయకుండా వదిలేసింది ఒకటుంది. ఇతరులు చేసిన అఘాయిత్యం వల్ల కలిగిన సిగ్గు పాపం కాదు. అలాంటివాళ్ల చేత ఒప్పుకోలు ప్రార్థన చేయించకండి. చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే ప్రార్థనతో పాటు వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయించండి. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు.