కుండ వదిలేసి వెళ్ళిన సమరయ స్త్రీ
'ముందు జీవితం సరిచేసుకో, ఆ తర్వాతే దేవుడు నిన్ను తన పనికి వాడుకుంటాడు' అని చాలామంది అంటారు. ఆ మాట సరికాదని ఒక వ్యాసంలో చదివాను. ఆ వ్యాసం చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. బైబిల్లో యోహాను సువార్త 4వ అధ్యాయంలోని సమరయ స్త్రీనే చూడండి. ఐదుగురు భర్తలు అయిపోయారు, అప్పుడు ఉన్నవాడు భర్త కాడు. నీళ్ళకొచ్చిన ఆమె, యేసుతో మాట్లాడాక కుండ బావి దగ్గరే వదిలేసి ఊళ్ళోకి వెళ్ళింది. ఇంట్లో పరిస్థితి ఏమీ మారలేదు. విశ్వాసం కూడా ఇంకా గట్టిపడలేదు, 'ఈయన క్రీస్తేనేమో' అని అడుగుతోందంతే. అయినా ఆమె మాట విని ఆ ఊరు సుఖారు వాళ్ళు చాలామంది నమ్మారు, యేసును రెండు రోజులు తమ దగ్గర ఉంచుకున్నారు. నేను తాగుడు మానేసి నాలుగు నెలలు కూడా కాని రోజుల్లో, చర్చిలో చివరి వరసలో కూర్చునేవాణ్ణి. మా వీధిలో ఒకావిడ వచ్చి 'అన్నయ్యా, మా ఆయన ఎవరి మాటా వినట్లేదు, మీరొక్కసారి మాట్లాడండి' అంది. చాలా టెన్షన్ పడుతూనే వెళ్ళాను. అతని పక్కన కూర్చుని, చేతులు వణికిన ఆ మొదటి వారం ఎలా గడిచిందో చెప్పాను, అంతే. ప్రార్థన కూడా సరిగా చేయలేకపోయాను. వాక్యం బాగా తెలిసినవాళ్ళు చెప్పినా వినని మనిషి ఆ రాత్రి నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ఒక్క విషయం మాత్రం ఆ వ్యాసంలో ఉండాల్సింది. దేవుడు వాడుకున్నంత మాత్రాన, చేసిన తప్పుకు ఫలితం తప్పిపోదు. దావీదు రాజు మరొకరి భార్యతో తప్పు చేసి, ఆమె భర్తను చంపించాడు. క్షమాపణ దొరికింది, కానీ ఆమెకు పుట్టిన ఆ బిడ్డ బతకలేదు. తాగుడు రోజుల్లో చేసిన అప్పులు నేనింకా తీరుస్తూనే ఉన్నాను.