ఇందాకే వెళ్లొచ్చానండి

నిన్న శనివారం జరిగింది. ఇవాళ పొద్దున్న ఇంటి ముందు ఆకులు ఊడుస్తుంటే పక్కింటాయన నన్ను చూసి చెయ్యూపాడు. పలకరించడానికి ఊపాడో, నవ్వు ఆపుకోడానికి ఊపాడో తేలక లోపలికొచ్చేశాను. మా ఆవిడైతే ఆపుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు. ఆవిడ చెప్పే కథ వాట్సాప్‌లో మా చుట్టాల గ్రూపుకి ఎక్కేలోపు నా కథ నేను రాసి పడేస్తే నయం.

మేముండేది న్యూజెర్సీలో, ఎడిసన్‌కి ఆనుకుని ఉన్న ఊళ్ళో. ఇడ్లీ పిండికి ఎంత దూరం నడవాలో యూదుల ప్రార్థనా మందిరం సినగాగ్‌కీ అంతే దూరం. పక్కింటాయన రిటైరైన లెక్కల మాస్టారు. డెబ్భై దాటాయి. నిష్ఠగల ఆర్థొడాక్స్ యూదుడు. మాది పొన్నూరని చెప్పిన రోజునే "అయితే చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం తెలుసా?" అని అడిగి నా నోరు మూయించాడు. అక్కడ బెనె ఎఫ్రాయిమ్ అని తెలుగు మాట్లాడే యూదు కుటుంబాలున్నాయట, వాళ్ళకో సినగాగ్ ఉందట, శనివారం సబ్బాతు, అంటే పనులన్నీ మానే విశ్రాంతిదినం, పాటిస్తారట. చేబ్రోలు మీదుగా గుంటూరుకి లెక్కలేనన్నిసార్లు బస్సులో వెళ్ళినవాణ్ణి, నాకు తెలీదు. న్యూజెర్సీలో కూర్చుని ఆయనకి తెలుసు. అప్పట్నుంచీ ఆయనంటే నాకు భయంతో కూడిన గౌరవం. దానికి తోడు, మా అమ్మ ఇక్కడికొచ్చి మెట్ల మీద జారిపడ్డప్పుడు నేను ఆఫీసు నుంచి వచ్చేలోపే ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆయనే. ఆ రుణం అలా ఉండిపోయింది.

అందుకని, "సినగాగ్ బాగోగులు చూసే మనిషి సెలవు పెట్టి వాళ్ళ దేశం వెళ్ళాడు, ఈ శనివారం వాలంటీరుగా వస్తావా?" అనగానే సరేనన్నాను.

"ఏం చెయ్యాలండీ?"

"ఏం చెయ్యక్కర్లేదు. ఊరికే అక్కడ ఉంటే చాలు."

జన్మంతా లెక్కలు చెప్పిన మనిషి, ఇంత చిన్న మాటలో ఇంత పెద్ద లెక్క దాచాడని నేనెలా అనుకుంటాను?

ఆ సాయంత్రం నుంచే వాలంటీర్ల వ్యవహారం చూసే ఆవిడ ఈమెయిళ్ళు మొదలయ్యాయి. ముందు ఫారం. అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఏ తిండి పడదు, నలభై పౌన్ల బరువు ఎత్తగలరా, టీషర్టు సైజు ఎంత. టీషర్టు ఇప్పటిదాకా రాలేదు. తర్వాత సూచనలు. ఫోన్ కార్లోనే వదిలెయ్యండి. ఫొటోలు తియ్యొద్దు. బయటి తిండి లోపలికి తేవద్దు. వంటింట్లో ఎర్ర స్టిక్కరున్నవి మాంసానికి, నీలం స్టిక్కరున్నవి పాలూ వెన్నలకి, వాటినీ వీటినీ కలపొద్దు. కుర్చీలు దొంతర పెడితే పదికి మించొద్దు. కుర్చీల గురించి బొమ్మతో సహా విడిగా ఇంకో ఈమెయిలు. శుక్రవారం పొద్దుగూకే దాకా వస్తూనే ఉన్నాయి, ఆపైన సబ్బాతు కాబట్టి ఆగాయి. ఇంత రాసిన మనిషి అసలు సంగతి ఒక్క ముక్క రాయలేదు.

వెళ్ళాను, కుర్చీలు వేశాను, ప్రార్థన మొదలైంది, అయిపోయింది. మధ్యలో చెప్పుకోదగ్గది టోపీ ఒక్కటే. మగవాళ్ళెవరూ ఉత్త తలతో లోపలికి రాకూడదు గనక గుమ్మం దగ్గర బుట్టలో కిప్పాలు పెడతారు, నడినెత్తిన పెట్టుకునే గుండ్రటి చిన్న టోపీలు. నాది మూడుసార్లు జారిపోతే జాలిపడి ఎవరో క్లిప్పు ఇచ్చారు. క్లిప్పు పెట్టాలంటే అది పట్టుకోడానికి అక్కడేదో ఉండాలి కదా. పొద్దున్నంతా మెడ బిగబట్టుకుని తిరిగాను.

పన్నెండింటికి అందరూ కిందికి, బేస్‌మెంట్ హాల్లోకి దిగారు. దాన్ని కిద్దుష్ అంటారు. ద్రాక్షరసం మీద ప్రార్థన చదివి, ఆ తర్వాత తినడం. ఉప్పులో ఊరిన హెర్రింగ్ చేప ముక్కలు, బిస్కెట్లు, బంగాళాదుంప కూగెల్, పెద్దవాళ్ళకి విస్కీ, వీటన్నిటికీ పెద్దన్నలాగా చోలెంట్. చిక్కుళ్ళూ బార్లీ దుంపలూ మాంసమూ శుక్రవారం పొద్దుండగానే సన్నసెగ మీద పడేస్తే శనివారం మధ్యాహ్నానికి ఏది ఏదో తెలియనంతగా ఉడుకుతుంది. సబ్బాతు నాడు వండకూడదు మరి. చెయ్యకూడని పనులు యూదుల పాత ధర్మగ్రంథం మిష్నాలో నలభైకి ఒకటి తక్కువని లెక్కపెట్టారు. చింపడం వాటిలో ఉంది కాబట్టి బాత్రూమ్‌లో కాగితం కూడా ముందే చింపి డబ్బాలో పెట్టారు. దీపం వెలిగించడం ఉంది. ఆర్పడం కూడా ఉంది.

సరిగ్గా అప్పుడే మగవాళ్ళ బాత్రూమ్‌లో లైట్లు ఆరిపోయాయి.

గోడకి టైమరు స్విచ్చు ఉంది. ఒంటిగంటకి ఆరిపోయేట్టు పెట్టారు, ఆ వేళకి ఎవరిళ్ళకి వాళ్ళు పోతారు కాబట్టి. అయితే పోయిన ఆదివారం తెల్లవారుజామున, వేసవికని ముందుకు తిప్పిన గడియారాలన్నీ మా దగ్గర గంట వెనక్కి తిరిగాయి. ఫోన్లు వాటంతటవే తిరిగాయి. టైమరుని మాత్రం ఎవరో ఒకరు తిప్పాలి. ఆ ఎవరో సెలవులో ఉన్నాడు. మిగిలినవాళ్ళలో అది ఏ కమిటీ పనో తేలలేదు. టైమరు లెక్కలో ఒంటిగంట కొట్టేసింది, లోకానికి పన్నెండే. బేస్‌మెంట్ కాబట్టి కిటికీ లేదు. తలుపు బార్లా తీసి పెడితే హాల్లోంచి వెలుతురు పడుతుంది గానీ, అప్పుడు హాల్లోవాళ్ళకి కూడా అన్నీ కనబడతాయి. చీకటిగా ఉన్న ఆ గుమ్మం చూసి నేను మనసులో మెచ్చుకున్నాను కూడా. వాడనప్పుడు ఆపేస్తున్నారు, కరెంటు విలువ తెలిసినవాళ్ళు.

ముందుగా పొడుగాటి పెద్దమనిషి ఒకాయన నా దగ్గరికొచ్చి, "బాత్రూమ్‌లో చాలా చీకటిగా ఉంది" అన్నాడు.

అమెరికా వచ్చిన కొత్తలో ఆఫీసులో నాకు ఒంటబట్టిన విద్య ఒకటుంది. ఎవరైనా చలిగా ఉందంటే చలిగా ఉందనాలి, వేడిగా ఉందంటే అవునవునని తలూపాలి, అంతకుమించి ఏమీ చెయ్యక్కర్లేదు. "అవునండి, నవంబరు కదా, తొందరగా చీకటి పడిపోతోంది" అన్నాను. అప్పుడు టైము పన్నెండుంపావు. ఆయన నన్నోసారి చూసి వెళ్ళిపోయాడు.

రెండో ఆయన వచ్చాడు. "అందులో స్విచ్చు, లోపలికెళ్ళగానే ఎడమపక్కనే ఉంటుంది" అన్నాడు, ఇల్లు కొనేవాడికి చూపిస్తున్నంత వివరంగా.

"మంచిచోట పెట్టారండి" అన్నాను.

పరోక్షంగా చెప్పడం మనకి తెలియనిదా? మా అత్తగారు "ఎవరో తలుపు కొడుతున్నట్టుంది" అని గాల్లోకి అంటే మామగారు పేపరు పడేసి పరిగెత్తుతారు. ఆ రక్తసంబంధం మా ఆవిడ ద్వారా నాకూ కొంత అంటాలి. అంటలేదు.

ఇదంతా ఎందుకో సాయంత్రం చీకటిపడి సబ్బాతు ముగిశాక పక్కింటాయన మా ఇంట్లో కూర్చుని చెప్పాడు. సబ్బాతు నాడు ఇళ్ళలో నిప్పు రాజేయకూడదని బైబిలు నిర్గమకాండం 35వ అధ్యాయంలో ఉంది. స్విచ్చు వెయ్యడం కూడా కూడదు. తాము చెయ్యకూడనిది ఇతరుల చేత చేయించకూడదని ఇంకో నియమం, అందుకని "లైటు వెయ్యి" అని నోటితో అనకూడదు. కానీ సుమారు 1800 ఏళ్ళ కిందటి మిష్నాలో దారి ఉంది. యూదుడు కానివాడు తన కోసం దీపం వెలిగించుకుంటే ఆ వెలుతురు యూదులూ వాడుకోవచ్చు. యూదుల కోసం వెలిగిస్తే మాత్రం కూడదు. రబ్బన్ గమలియేల్, ఇంకొందరు పెద్దలు ఓడలో వస్తున్నారట, ఒడ్డుకి చేరాక యూదుడు కాని ఒకాయన తాను దిగడానికి పలక వేసుకున్నాడట, దాని మీంచే వీళ్ళూ దిగారట. బాగానే ఉంది. కానీ ఆ ఓడలో మనిషికి దిగాలన్న కోరికైనా ఉంది. నాకు లేదు.

కాలిన్ పవెల్ చిన్నప్పుడు బ్రాంక్స్‌లో యూదుల కోసం ఈ పని చేశాడట. మెంఫిస్‌లో కుర్రాడుగా ఉన్నప్పుడు గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ పైవాటాలో ఉండే రబ్బీగారి, అంటే యూదుల మతగురువుగారి, ఇంటికి చేశాడట. ఒకాయన అమెరికాకి విదేశాంగ మంత్రి అయ్యాడు, ఇంకొకాయన సంగతి చెప్పనే అక్కర్లేదు. వాళ్ళకి పని ఏమిటో ముందే ఎవరో చెప్పి ఉంటారు. కుర్చీల బొమ్మలు పంపి ఊరుకుని ఉండరు.

మూడోసారి పక్కింటాయనే వచ్చాడు. భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి, "నీకు బాత్రూమ్‌కి వెళ్ళాలని లేదా?" అని అడిగాడు.

"లేదండి. ఇందాకే వెళ్లొచ్చాను."

"మళ్ళీ?"

"ఇప్పుడేం అవసరం లేదండి."

ఆయన ఆలోచనలో పడ్డాడు. ఆ ఆలోచన నాకు వేరేగా అర్థమైంది. మన దేశంలో ఒక వయసొచ్చాక ఈ ప్రశ్న ఎవరు ఎందుకు అడుగుతారో అందరికీ తెలుసు. "నాకు షుగర్ లేదండి, మా నాన్నగారికి ఉంది, నాకింకా రాలేదు" అని ధైర్యం చెప్పాను. ఆయన సంతోషించి, గ్లాసు నిండా ద్రాక్షరసం పోసిచ్చాడు. తాగాను. హెర్రింగ్ ముక్కలు పెట్టాడు. ఉప్పు కషాయంలా ఉన్నాయి. ఇంకో గ్లాసు ఇచ్చాడు. మొదట వచ్చిన పొడుగాటాయన సోడా తెచ్చాడు. స్విచ్చు గురించి చెప్పినాయన నీళ్ళు తెచ్చాడు. ఇంత మర్యాద నాకు మా అత్తారింట్లో మొదటి సంక్రాంతికి కూడా జరగలేదు. వాళ్ళంతా నన్ను తాగనిచ్చి, తాగుతుంటే కళ్ళార్పకుండా చూస్తున్నారు.

నలభై పౌన్లు ఎత్తగలరా అని అడిగిన ఫారంలో, లీటరున్నర పడుతుందా అని కూడా ఒక గడి పెట్టాల్సింది.

అప్పటికి మెట్ల కింద మగవాళ్ళు గుమిగూడి, ఒంటి మీద బరువు ఈ కాలి నుంచి ఆ కాలికి మార్చుకుంటున్నారు. ఇక రబ్బీగారే స్వయంగా వచ్చారు. నా ఆరోగ్యం అడిగి, అడక్కుండానే ఒక ప్రార్థన గురించి చెప్పడం మొదలుపెట్టారు. అషెర్ యట్సర్ అని, బాత్రూమ్ నుంచి బయటికొచ్చి చేతులు కడుక్కున్నాక చదువుతారట. మనిషి ఒంట్లో రంధ్రాలూ నాళాలూ ఏర్పరిచిన దేవుడికి వందనం. వాటిలో ఒకటి మూసుకుపోయినా, ఒకటి తెరుచుకుపోయినా ఆయన ముందు నిలబడి ఉండలేం. మిష్నాకి వ్యాఖ్యానం లాంటి తాల్ముద్‌లో ఉందట.

నిజం చెప్పాలంటే నాకు చాలా నచ్చింది. పొద్దున్న లేస్తే అన్ని దేవుళ్ళకీ దణ్ణం పెడతాం, ఆ పని సాఫీగా జరిగినందుకు ఏ దేవుడికైనా పెట్టామా? నేను వెంటనే మా ఊళ్ళో పంతులుగారు ఆ పనికి వెళ్ళేటప్పుడు జంధ్యం చెవికి చుట్టుకోవడం, చెవికి ఎందుకు చుడతారన్న దాని మీద మా ఊళ్ళో ఉన్న వాదాలు, అన్నీ వివరంగా చెప్పాను. రబ్బీగారు కళ్ళు మూసుకుని విన్నారు. తన్మయత్వం అనుకున్నాను.

"అయితే ఆ ప్రార్థన అక్కడ గోడ మీద రాసి ఉంటుంది" అన్నారు కళ్ళు తెరిచి. "చూస్తావా?"

"తప్పకుండా. తర్వాత తీరిగ్గా చూస్తానండి."

ఆయన మొహంలో అప్పుడు కనిపించింది ఏ గ్రంథంలోనూ ఉండదు.

కాకపోతే ద్రాక్షరసం, సోడా, నీళ్ళు తమ పని తాము చేసుకుపోయాయి. ఒంటిగంట కావస్తుండగా నా అంతట నాకే అవసరం తోచింది. లేచాను. హాల్లో మాటలు ఆగిపోయాయి. గుంపు రెండుగా చీలి దారి ఇచ్చింది. చీకట్లోకి వెళ్ళి ఎడమపక్క తడిమాను, స్విచ్చు చెప్పిన చోటే ఉంది. నొక్కాను. లైట్లు భగ్గున వెలిగాయి. తలుపవతల ఎవరో హీబ్రూలో ఏదో అన్నారు, ఇంకెవరో నవ్వారు, ఏదో పెళ్ళిలో తాళి కట్టినంత సందడి.

నేను నిదానంగా పని ముగించుకున్నాను. చేతులు కడుక్కున్నాను. గోడ మీద ప్రార్థన చూశాను, కింద ఇంగ్లీషులో కూడా ఉంది, మాటిచ్చాను కాబట్టి మొత్తం చదివాను. తలుపు తీశాను.

గుమ్మం నుంచి మెట్ల దాకా వరస. అందరికన్నా ముందు రబ్బీగారు. అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు, అంత ఆత్మీయంగా నన్ను మా ఇంట్లో కూడా ఎవరూ చూడలేదు. నేనూ నవ్వాను. గదిలోంచి బయటికొస్తూ లైటు ఆపకపోతే మా నాన్న పిలిచి మరీ వీపు మీద ఒకటి వేసేవాడు. కుడిచెయ్యి దానంతటదే వెనక్కి వెళ్ళింది.

టక్.

ఎవరూ ఏమీ అనలేదు. అనడానికి వీల్లేదు కదా. పక్కింటాయన మాత్రం వరసలోంచి పక్కకి తప్పుకుని, బల్ల దగ్గరికెళ్ళి, ఈసారి గ్లాసు లేకుండా సీసానే పట్టుకుని వచ్చాడు.